మృదుల టీచరూ బూరుగుచెట్టు చిలకలూ

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే అందులో సగం జంతువులు మిగతా సగాన్ని పెళ్ళిళ్ళలో తప్ప చూసి ఎరగవు, వాగు ఒడ్డున ఒక బడి ఉండేది. ఆ బళ్ళో నేర్పే విద్య ఒక్కటే. పారిపోవడం.

నవ్వకండి. మీ బళ్ళలో పాఠం రాకపోతే మార్కులు పోతాయి. ఆ బళ్ళో పాఠం రాకపోతే పిల్లాడే పోతాడు. అందుకే అడవిలోని చిన్న ప్రాణులన్నీ, ఎలకలూ ఉడతలూ ముంగిసలూ అడవిపందులూ, పాలు మాన్పించిన మర్నాడే పిల్లల్ని తీసుకొచ్చి అక్కడ చేర్పించేవి.

నలభై ఏళ్ళపాటు ఆ బళ్ళో పరుగు నేర్పింది కూర్మారావు మాస్టారు. ఆయన తాబేలు. పరుగు నేర్పడానికి తాబేలేమిటని ఎవరూ అడగలేదు. పోస్టు ఖాళీగా ఉంది, ఆర్డరు వచ్చింది, ఆయన బయల్దేరారు. బడికి చేరేసరికి మూడు నెలలు పట్టింది, అంతే.

ఆయన పాఠం కూడా ఆయనలాగే పొట్టిది. పొద్దున్నే గంట కొట్టి, "చిరుత వాసన తగిలిందా, నోరు మూసుకుని బొరియలో దూరండి," అనేవారు. పిల్లలు అదే మాట గొంతు చించుకుని వల్లించేవారు. ఒకసారి అందరూ బడి వెనక ఉన్న పెద్ద బొరియలో దూరి, బయటికొచ్చి, దుమ్ము దులుపుకుని, ఇక సాయంత్రం దాకా ఆటలే. ఈ నలభై ఏళ్ళలో చిరుత నోట పడ్డ పిల్లాడు లేడు. ఒక్క ఉడత తోక కొస మాత్రం పోయింది, అదీ దాచుకున్న నేరేడు గింజ కోసం వెనక్కి వెళ్ళినందుకు.

చివరికి కూర్మారావు మాస్టారు రిటైరయ్యారు. సన్మానం చేసి శాలువా కప్పారు. డిప్ప మీద శాలువా నిలవక జారిపోతుంటే ముగ్గురు నిలబడి పట్టుకున్నారు. ఆయన స్థానంలో మృదుల వచ్చింది.

మృదుల కుందేలు. వయసు చిన్నది, చెవులు పెద్దవి. టీచరు చదువు ఫస్టుక్లాసులో పాసయింది. ఇది మొదటి ఉద్యోగం. వానాకాలం మొదలయ్యేదాకా ఎలా చెబుతుందో చూస్తారు, బాగా చెబితే ఉంచుతారు, లేకపోతే ఆర్డరు ఆకు వెనక్కి తీసుకుంటారు.

మాస్టారు ఆమెకి బడి అప్పగించడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఇది గంట తల్లీ. ఇది హాజరుపట్టీ. అదిగో బొరియ. పాటం నీకు తెలుసు కదా."

"మిగతా పాఠాలు మాస్టారూ?"

"మిగతావి ఏటుంటాయమ్మా?"

"సంవత్సరమంతా ఇదొక్కటే చెప్పాలా?"

"సెప్పాలి మరి. రోజూ సెప్పాలి. ఆళ్ళు రోజూ మర్సిపోతారు కదా."

ఇంతట్లో హెడ్‌మాస్టరు బకనాథం గారు పిలిచారు. ఆయన కొంగ. వాగులో ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు అరమూసుకుని బడిని నడుపుతూ ఉంటారు. రెండో కాలు అవసరమొస్తే దింపుదామని దాచుకున్నారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో అవసరం రాలేదు.

"చూడమ్మా, పాతాయనది పాతకాలం," అన్నారు బకనాథం గారు. "ఇప్పుడు రోజులు మారాయి. మీ పద్ధతేమిటి?"

"పద్ధతి అంటే, సార్..."

"అదే. ఏదో ఒక పద్ధతి ఉండాలి. గోడల మీద ఏమైనా కనపడాలి. నాకు అంతకంటే అక్కర్లేదు." ఆయన మళ్ళీ కళ్ళు మూసేశారు.

మృదుల తరగతిలోకి వెళ్ళి నిలబడింది. ఇరవై మూడు చిన్న ముక్కులు ఆమె వైపు తిరిగి వణుకుతున్నాయి. ముందు వరసలో ఎలకపిల్ల నూకాలు నోరు తెరుచుకుని చూస్తోంది. దాని పక్కన ఉడతపిల్ల సింహాచలం తోకతో ముక్కు తుడుచుకుంటున్నాడు. వెనక పందిపిల్ల గుండోడు ఇద్దరి చోటు ఆక్రమించుకుని కూర్చున్నాడు. మృదులకి వాళ్ళని చూడగానే ప్రేమ పుట్టింది, ఆ వెంటనే భయం పుట్టింది. తనకి తెలియని ఏదో ఒక్క ముక్క వల్ల రేపు వీళ్ళలో ఒకరు చిరుత నోట్లోకి వెళ్తే? ఉద్యోగం పోతుందన్న దిగులు కూడా ఉందనుకోండి, కానీ అది దీని ముందు ఏపాటిది! ఆ పూట ఆమెకి గరిక సహించలేదు.

అలాగని ఊరుకునే పిల్ల కాదు. సాయంత్రం బడి వదలగానే బూరుగుచెట్టు దగ్గరికి బయల్దేరింది.

బూరుగుచెట్టు సంగతి ఆ అడవిలో అందరికీ తెలుసు. దాని మీద వెయ్యి చిలకలు ఉంటాయి. ఏది అడిగినా చెబుతాయి. ఎక్కడెక్కడో ఎవరెవరో అన్న మాటలన్నీ ఏరుకొచ్చి అక్కడ వల్లిస్తాయి. ఫీజు లేదు. విన్నది నచ్చితే ఒకసారి తల ఊపాలి, అంతే. ఎక్కువమంది తల ఊపిన చిలక పైకొమ్మకి ఎక్కుతుంది, ఎవరూ ఊపనిది కిందికి దిగుతుంది. చెప్పిన మాట నిజమా కాదా అని చూసే కొమ్మ మాత్రం ఆ చెట్టుకి మొలవలేదు.

మృదుల చెట్టు కింద నిలబడి, గొంతు సవరించుకుని, "పిల్లలకి పారిపోవడం ఎలా నేర్పాలండీ?" అని అడిగింది.

అంతే, చెట్టు చెట్టంతా విరుచుకుపడింది.

"మూడే మూడు రోజుల్లో మీ పిల్లల్ని లేడిపిల్లలుగా మార్చండి! రెండో రోజు జరిగేది చూస్తే మీరే నమ్మలేరు!"

"కొత్త టీచర్లు చేసే ఏడు ఘోరమైన తప్పులు! ఏడోది మీరు ఇప్పుడు చేస్తున్నారు!"

మృదుల కంగారుగా కాళ్ళ కిందికి చూసుకుంది.

"పరుగు పాతబడిపోయిందమ్మా! కదలకుండా నిలబడటమే ఇప్పటి పద్ధతి!"

"వంకరటింకరగా పరిగెత్తించండి!"

"తిన్నగా పరిగెత్తించండి! వంకర పరుగు పిల్లల వెన్నుకి చేటు!"

"చచ్చినట్టు పడుకోమనండి!"

"ముందు ఎడమకాలు!"

"ముందు కుడికాలు! ఎడమకాలు అన్నవాడి మాట నమ్మకండి, వాడి సంగతి నాకు తెలుసు, వాడిది నా పక్క కొమ్మే!"

ఒక చిలక కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నేనూ ఒకప్పుడు మీలాగే ఏమీ తెలియని దాన్ని," అని మొదలుపెట్టి గుడ్డులో ఉన్నప్పటి నుంచి చెప్పుకొచ్చింది. పారిపోవడం ప్రస్తావన ఎక్కడా రాలేదు గానీ మృదుల కూడా ఏడ్చింది, తల కూడా ఊపింది. ఇంకో చిలక, ఎవరేమడిగినా సరే, "శుభోదయం! మీ రోజు పువ్వులా విచ్చుకోవాలి!" అంటుంది. అప్పటికి సాయంత్రం అయిదయింది.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అని వాదించే రకం ఉంటుంది చూశారూ, ఆ చెట్టు మీద అందరూ ఆ రకమే. కుందేలు నాలుగు కాళ్ళతో అక్కడే నిలబడి ఉందని ఏ ఒక్కరూ గమనించలేదు. గంటసేపు విన్నాక మృదులకే అనుమానమొచ్చి ఒకసారి లెక్క చూసుకుంది.

ఇంకొకరైతే ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేవారు. కుందేలు చెవులు అలా వదిలే చెవులు కావు. ఇల్లు చేరేసరికి మృదుల చెవుల్లో నూట నలభై పద్ధతులున్నాయి, తల ఊపీ ఊపీ మెడ పట్టేసింది.

అక్కడితో అయిందా? ఒకసారి అడిగినవాళ్ళని చిలకలు వదలవు. పొద్దున్న ఆమె తలుపు తీయగానే గుమ్మం మీద పన్నెండు చిలకలు. "నిన్న అది విన్నవాళ్ళు ఇది కూడా విన్నారు!" అని అరిచాయి. గరిక నోట్లో పెట్టుకుంటే, "గరిక నమలడంలో మీకు తెలియని పదకొండు రహస్యాలు!" అన్నాయి. నీళ్ళు తాగబోతే, "ఆగండి! ముందు ఇది వినండి!" అన్నాయి. పాపం మృదుల ఆగి విన్నది. వినకపోతే పిల్లలకి ఏం నష్టమో ఎవరికి తెలుసు?

ఇక బళ్ళో చదువు మొదలైంది.

సోమవారం పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టింది. చిరుత గురించి ఎవరికి ఏమనిపిస్తోందో చెప్పమంది. "నాకు ఆకలేస్తోంది," అన్నాడు గుండోడు. మంగళవారం, గుండ్రంగా కూర్చుంటే పిల్లలకి దిక్కు తెలియదని ఒక చిలక చెప్పింది, అందుకని జంటలుగా కూర్చోబెట్టింది. బుధవారం జంటలు పనికిరావంది ఇంకో చిలక. గురువారం గంట తీసేసింది, గంట మోతకి లేతమనసులు బెదురుతాయట. దాన్ని బీరువాలో పెట్టి, దాని మీద బొమ్మల అట్టలు పేర్చింది. బొరియకి 'ఆనంద నిలయం' అని పేరు రాసి వేలాడదీసింది. ఆ పలక అడ్డం పడి బొరియలోకి సగం మంది దూరలేకపోయారు.

శుక్రవారం అభినయంతో చిరుత పాట.

మాస్టారు చెప్పిన ఆ ఒక్క మాట మాత్రం ఆమె చెప్పనే లేదు. చెబుదామని నోటిదాకా వచ్చేది. ఇంత చిన్న మాట చెబితే నేనేం చదువుకున్నట్టు అనిపించేది. అదీగాక ఎడమకాలా కుడికాలా అన్నది ఇంకా తేలలేదు కదా!

బకనాథం గారు మాత్రం మహదానందంగా ఉన్నారు. వాగులోంచే మెడ సాచి గోడలు చూశారు. ఎర్ర అట్టలు, పచ్చ అట్టలు, చిరుత బొమ్మ చుట్టూ బాణాలు. "అద్భుతం! దీన్నే పద్ధతంటారు!" అన్నారు. అట్టల మీద ఏం రాసి ఉందో ఆయన చదవలేదు. అంత దూరం రావాలంటే రెండో కాలు దింపాలి.

రెండో వారం సింహాచలం తల్లి వచ్చింది. తోక నిక్కబొడుచుకుని ఉంది.

"టీచరమ్మా, మావోడు నిన్న పాముని సూసినాడు. సూసి ఏటి సేసినాడో తెలుసునా? కళ్ళు మూసుకుని, మూడు సార్లు గాలి పీల్సి, 'నాకిప్పుడు బయ్యంగా ఉంది, అది సహజం' అన్నాడు. నాను ఆడి తోకట్టుకుని లాగబట్టి సరిపోయింది. నేకపోతే సహజంగానే పోయీవోడు!"

సింహాచలం తల్లి వెళ్ళగానే మృదుల తరగతిలోకి పరిగెత్తి, ఉన్నట్టుండి, "చిరుత!" అని కేక పెట్టింది. పరీక్ష చేద్దామని.

ఆరుగురు చచ్చినట్టు పడుకున్నారు. నలుగురు వంకరగా పరిగెత్తి, తిన్నగా పరిగెత్తేవాళ్ళని గుద్దుకున్నారు. గుండోడు కదలకుండా నిలబడ్డాడు, వాడి మీద ఇద్దరు ముంగిసపిల్లలు ఎక్కి నిలబడ్డారు, పెద్దగా కనిపించాలని. నూకాలు చెయ్యెత్తి, "టీచర్, ఇవాళ జంటలా, గుండ్రమా?" అని అడిగింది. బొరియ వైపు వెళ్ళినవాళ్ళు సున్నా.

మృదుల బడి వెనక్కి వెళ్ళి కూర్చుని ఏడ్చింది. ఏడుస్తుంటే ఒక చిలక వచ్చి వాలి, "కన్నీళ్ళు కంటికి మంచివే! కారణాలు తొమ్మిది!" అంది. తల ప్రాణం తోకకి రావడమంటే ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసింది. కుందేలు తోక చిన్నది కూడా, పాపం, ఎంత ప్రాణమని పడుతుంది?

ఆ మధ్యాహ్నమే కూర్మారావు మాస్టారిని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన వాగు మధ్యలో రాతి మీద ఎండ కాగుతున్నారు.

"మాస్టారూ, నేను నూట నలభై పద్ధతులు నేర్చుకున్నాను. పిల్లలకి ఒక్కటీ రాలేదు. వీళ్ళని నా చేతులారా చంపేస్తానేమో అని భయంగా ఉంది."

మాస్టారు మెల్లగా ఒక కన్ను తెరిచారు. రెండోది తెరవడానికి కొంచెం టైము తీసుకున్నారు.

"నువ్వెలాగ పరిగెడతావు తల్లీ?"

"నేనా? ఏముంది మాస్టారూ, ముందు ఎడమకాలు... కాదు, ఎడమకాలు తప్పని తర్వాత తేలింది. వంకరగా... వెన్ను నిటారుగా పెట్టి..." మాటలతో కాదని లేచి చూపించబోయింది. నాలుగు కాళ్ళూ నాలుగు చిలకల మాట విన్నాయి. ముందుకాళ్ళు వెనక్కి, వెనకకాళ్ళు పక్కకి పోయి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక కుందేలు నడవలేక వాగులో దబ్బున పడింది.

మాస్టారు నవ్వలేదు. ఆమె చెవులు పిండుకుని రాతి మీదికి ఎక్కేదాకా ఆగారు.

"నాకు పరుగు రాదమ్మా," అన్నారు. "నలబై ఏళ్ళూ నాకు రానిదే సెప్పినాను. నాకు తెలిసింది ఒక్క ముక్క, అదే సెప్పినాను. రెండో ముక్క తెలుసుంటే అదీ సెప్పేసీవోడ్ని, పిల్లలు మునిగిపోదురు. నా అదురుష్టం, తెలీదు."

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"రేపొద్దున్న గంట కొట్టు."

ఇంకేమైనా చెబుతారేమోనని మృదుల చాలాసేపు కూర్చుంది. ఆయన తల లోపలికి తీసేసుకున్నారు. అక్కడే, ఆ తడి రాతి మీద, రెండు వారాల తర్వాత మొదటిసారి ఆమెకి హాయిగా అనిపించింది.

ఇంటికి వెళ్ళే దారిలో బూరుగుచెట్టు దాటాలి. కాయలు పగిలి దూది కింద రాలి ఉంది. చిలకలు ఆమెని చూసి మొదలుపెట్టేలోగా రెండు పిడికిళ్ళ దూది తీసి చెవుల్లో కూరుకుంది. ఆహా, ఎంత ప్రశాంతత! వెయ్యి ముక్కులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, చప్పుడు మాత్రం లేదు. ఆ చెట్టు ఆమెకి ఇచ్చినవాటిలో పనికొచ్చింది ఆ దూది ఒక్కటే.

మర్నాడు ఆ దూదితోనే బడికి వచ్చింది. నేరుగా బీరువా దగ్గరికి వెళ్ళి, అట్టలన్నీ లాగి అవతల పడేస్తూ గంట కోసం వెతకడం మొదలుపెట్టింది. గంట కొడుతుంది, ఆ ఒక్క మాట చెబుతుంది, పిల్లల్ని బొరియలో దూరుస్తుంది. ఎంత తేలిక!

సరిగ్గా అప్పుడే చిరుత వచ్చింది.

వెనక ఆకులు గలగలలాడాయి. చెవుల్లో దూది, ఆమెకి వినపడలేదు. గాలి అటు నుంచి ఇటు వీచి ఉంటే వాసన తెలిసేది, గాలి ఇటు నుంచి అటు వీస్తోంది. బకనాథం గారికి మాత్రం కనిపించింది. అవసరం ఆ రోజు వచ్చింది కాబట్టి రెండో కాలు దింపారు, రెండు కాళ్ళూ కలిపి ఒక్క తన్ను తన్ని, ఎగిరి, కనుచూపు మేరలో లేకుండా పోయారు.

గంట చేతికి దొరికి మృదుల వెనక్కి తిరిగేసరికి, చిరుత తరగతి మధ్యలో నిలబడి ఉంది.

పిల్లలు కూడా దాన్ని చూశారు. రెండు వారాల చదువు ఒక్కసారిగా బయటికొచ్చింది. ఆరుగురు చచ్చినట్టు పడుకున్నారు. గుండోడి మీద ముంగిసలు ఎక్కేశారు. నలుగురు గుండ్రంగా కూర్చుని, "నాకు కొంచెం దిగులుగా ఉంది," "నాకు కూడా," అని చెప్పుకుంటున్నారు. సింహాచలం కళ్ళు మూసుకుని గాలి పీలుస్తున్నాడు. నూకాలు లేచి వచ్చి చిరుత ఎదురుగా నిలబడి, చేతులు తిప్పుతూ, "చుక్కల చుక్కల చిరుతమ్మా, చక్కగ చక్కగ రావమ్మా," అని అభినయంతో పాట ఎత్తుకుంది.

మృదుల గంట నాలుక పట్టుకుని అలా నిలబడిపోయింది. కొడదామంటే చెయ్యి లేవలేదు.

విచిత్రం, చిరుత కూడా నిలబడిపోయింది. అటు చూసింది. ఇటు చూసింది. పడుకున్న ఎలకని వాసన చూసి చటుక్కున వెనక్కి తగ్గింది. ముంగిసల గోపురం చూసి ఇంకో అడుగు తగ్గింది. చివరికి మృదులతో ఏదో అంది. ఆమె ఒక చెవిలో దూది తీసింది.

"ఏటమ్మా ఇది?" అంటోంది చిరుత. "ఒక్కలూ పరిగెట్టరేటి?"

టీచరు కాబట్టి, మృదుల ప్రశ్నే వేసింది. "మీరు... ఈ పనికి కొత్తా?"

"మూడో దినం. మా అమ్మ ముసిలిదైపోయి నాకు అప్పగించీసింది."

"ఏమని చెప్పింది?"

"పరిగెట్టినదాన్ని పట్టు, పరిగెట్టందాన్ని నమ్మకు, దానికి ఏదో రోగమో మాయో ఉంటాది, అంది."

"ఇంకా?"

"ఇంకేటీ సెప్పనేదు."

"ఒక్క మాటేనా!" అంది మృదుల. బకనాథం గారు తనతో మాట్లాడిన గొంతే ఆమె నోట్లోంచి వచ్చింది. "ఈ రోజుల్లో ఒక్క మాట ఎలా సరిపోతుందండీ? మీ పద్ధతేమిటి?"

చిరుత మొహం వేలాడేసింది. "పద్దతా?" అంది. "మా అమ్మ పాతకాలందమ్మా. దానికేటి తెలుసును."

"బూరుగుచెట్టు చూశారా? వాగు వెంట తిన్నగా వెళ్తే కనిపిస్తుంది. ఒక్క ప్రశ్న అడగండి, చాలు. చాలా మంచివాళ్ళు, ఏమీ పుచ్చుకోరు. వింటూ తల ఊపడం మాత్రం మర్చిపోకండి."

ఆ మాట ఆమె తెలివిగా అందో, కొత్తగా పనిలో చేరిన వాళ్ళ మీద ఉండే జాలితో అందో నాకు తెలియదు. తర్వాత సన్మానసభలో తెలివనే చెప్పింది. చెబుతున్నప్పుడు చెవులు ఎర్రబడ్డాయి.

చిరుత రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి, వాగు వెంట వెళ్ళిపోయింది.

దాని తోక మలుపు తిరిగిందో లేదో, మృదుల గంట కొట్టింది. వాగు అవతలి కొంగలన్నీ లేచిపోయేలా కొట్టింది. "చిరుత వాసన తగిలిందా, నోరు మూసుకుని బొరియలో దూరండి!" అని అరిచింది. 'ఆనంద నిలయం' పలకని ఒక్క తన్నుతో ఊడదన్నింది. పిల్లలు బిలబిలమంటూ దూరారు. సింహాచలం మాత్రం అంచు దగ్గర ఆగి, "టీచర్, ఎడమకాలా, కుడికాలా?" అన్నాడు.

"ఏ కాలైనా సరే నాయనా, ముందు దూరు!"

వాడి వెనక తనూ దూకింది. లోపలికి చేరాక గానీ ఆమెకి తట్టలేదు, తను పరిగెత్తిందని, ఏ కాలు ముందో చూసుకోలేదని. చీకట్లో ఇరవై మూడు చిన్న ముక్కులు ఆమె పొట్టకి ఆనుకుని వణుకుతుంటే, ఒక్కొక్కటీ తడిమి లెక్కపెట్టి, మృదుల పగలబడి నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది కూడా. పిల్లలకి కారణం తెలియకపోయినా వాళ్ళూ నవ్వారు.

ఇక చిరుత సంగతి. అది బూరుగుచెట్టు కింద నిలబడి, "వేటాడటం ఎలాగ?" అని అడిగింది. అంతే.

"వేటలో కొత్తవాళ్ళు చేసే ఏడు ఘోరమైన తప్పులు!" "ముందు కుడిపంజా!" "ముందు ఎడమపంజా!" "వేటకి ముందు తినకూడనివి అయిదు!" "మాంసం మానేసిన పులి కథ వింటే కన్నీళ్ళు ఆగవు!" "ఒంటి మీద మచ్చలా? పది రోజుల్లో మాయం!" "శుభోదయం!" చిరుత కుక్కలా కూర్చుని విన్నది, తల ఊపింది. మొదటివారం మెడ పట్టేసింది. రెండోవారం ఎడమపంజా వాళ్ళతో ఒకరోజు, కుడిపంజా వాళ్ళతో ఒకరోజు ఉంది. లేడి పక్కనుంచి వెళ్తే, "ఆగు, ఇది వినీసి వస్తాను," అంది. లేడి కాసేపు ఆగి, విసుగెత్తి వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యేసరికి చిరుత ఎముకల గూడైంది. కింద నిలబడే ఓపిక లేక మెల్లగా పాక్కుంటూ చెట్టెక్కింది. ఎక్కాక వినడం విసుగనిపించి తనే చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడది పైకొమ్మ మీద ఉంటుంది. 'వేటలో విజయానికి పదకొండు మెట్లు' అని రోజూ చెబుతుంది. అడవిలో దానికి ఊపినన్ని తలలు ఇంకెవరికీ ఊపరు. ఇంతవరకు ఒక్క కుందేలునీ పట్టలేదు గానీ, పట్టని కుందేలుకి కూడా మూడే కాళ్ళని గట్టిగా వాదిస్తుంది. చుట్టుపక్కల చిలకలు గింజలు తెచ్చి పెడుతుంటాయి, అదే భోజనం.

మృదుల ఉద్యోగం ఖాయమైంది. బకనాథం గారు తిరిగొచ్చి, ఒంటికాలి మీద నిలబడి, చిరుతని తరిమిన పద్ధతి తమ పర్యవేక్షణలోనే రూపొందిందని ప్రకటించారు. సన్మానం చేశారు. మాస్టారికి కప్పిన శాలువానే తెచ్చి కప్పారు. కుందేలు మీద అది జారలేదు. మాస్టారు కూడా సభకి బయల్దేరారు. ఆయన చేరేసరికి సభ అయిపోయి నాలుగు రోజులైంది.

సభలో చిలకలు ఆమెని చుట్టుముట్టాయి. "మీ విజయరహస్యం ఏమిటి మేడమ్? అడవంతా ఎదురుచూస్తోంది!"

"రోజూ పొద్దున్నే గంట కొట్టి, చిరుత వాసన తగిలితే నోరు మూసుకుని బొరియలో దూరమని చెబుతాను," అంది మృదుల.

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఆడుకోమంటాను."

చిలకలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ఒక్క మాటకి ఎవరు తల ఊపుతారు? సాయంత్రానికి బూరుగుచెట్టు మీద 'చిరుతని మట్టి కరిపించిన మృదుల టీచర్ నలభై రెండు పద్ధతులు' మారుమోగిపోయాయి. అందులో ఎడమకాలు, కుడికాలు రెండూ ఉన్నాయి. అవతలి వాగు బడికి కొత్తగా వచ్చిన లేడి టీచరు ఆ నలభై రెండూ కంఠతా పట్టి, మెడ పట్టేసి, ఇంకేమైనా ఉన్నాయేమో కనుక్కుందామని మృదుల దగ్గరికి వచ్చింది.

మృదుల ఆమె చేతిలో రెండు పిడికిళ్ళ దూది పెట్టి పంపించింది.

నీతి: శత్రువుని గెలవడానికి కోరలూ కొమ్ములూ అక్కర్లేదు, సలహాలు ఉచితంగా దొరికే చెట్టుకి దారి చూపిస్తే చాలు.